మీ నాన్న గురించి రాసేముందు

చి. బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

పేపరుకిచ్చే శ్రద్ధాంజలి, పెద్దకర్మ కార్డు రెండూ నువ్వే రాస్తానన్నావని అమ్మ ఫోనులో చెప్పింది. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది. ఉద్యోగమంతా పత్రిక డెస్కులో గడిపినవాణ్ణి, ఇలాంటివి ఎన్ని చూశానో! స్నేహశీలి, మృదుభాషి, పరోపకారి అంటూ పోయినవాళ్ళందరికీ ఒకే చొక్కా తొడుగుతారు. మీ నాన్న మృదుభాషి అని రాశావంటే కాలువ మీద రైతులు నవ్విపోతారు.

వాడు నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద తూములూ షట్టర్లూ చూసుకునే లస్కరు. అదే రాయి. వారబందీ, అంటే వంతులవారీగా నీళ్ళు వదలడం, నడిచే రోజుల్లో, పైవాళ్ళు రాత్రిపూట షట్టరు ఎత్తేస్తారని తూము పక్కనే గోనెసంచి పరుచుకుని పడుకునేవాడు. చివరి చేలకు నీళ్ళు అందేదాకా ఇంటి ముఖం చూసేవాడు కాదు. విశేషణాలన్నీ కొట్టేసి ఈ ఒక్క సంగతి రాసినా చాలు.

తేదీతో పాటు తిథి కూడా వేయి, ఆబ్దికానికి అందరూ అడిగేది అదే. భోజనాల వేళ సరిచూసుకో. ఇంటి నంబరు మాత్రం వద్దు, ఆ పూట ఇల్లు ఖాళీ అని దొంగకు కబురు పెట్టినట్టే. మరణ నమోదు 21 రోజుల్లోపు జరగాలి, ఆ పని తమ్ముడికి అప్పగించు. వయసుకు సర్వీసు రిజిస్టరును నమ్మకు, అది బడిలో మాస్టారు తోచినట్టు వేసిన తేదీ. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్ళు వదిలినప్పుడు వాడికి పదేళ్ళు. అక్కణ్ణుంచి లెక్క కట్టుకో.

ఇక అసలు విషయం. అమ్మ చదివి వినిపించిన పేర్లలో చిన్నత్త పేరు లేదు. మర్చిపోయావా, ఎవరైనా వద్దన్నారా? నువ్వు కూడానా బుజ్జమ్మా?

మీ తాతయ్య పోయినప్పుడు ప్రకటన పని మా మేనమామ నెత్తికెత్తుకున్నాడు. కొడుకులు, కోడళ్ళు, పెద్ద కూతురు, అల్లుడు, మనవలు, ఆఖరికి వియ్యంకులు కూడా ఉన్నారు. చిన్నత్త లేదు. వేరే కులం అబ్బాయిని చేసుకుందని. నిజానికి అప్పటికి రాకపోకలు మొదలై చాలా కాలమైంది. మంచాన పడ్డ తాతయ్యకు గంజి పట్టిందీ ఒళ్ళు తుడిచిందీ తనే. పేపరు చూసి ఒక్క మాట అనలేదు, మడిచి గూట్లో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. “పొరపాటున పడలేదమ్మా” అన్నాడు మామ. వియ్యంకుడి ఇంటిపేరు మాత్రం అక్షరం పొల్లుపోకుండా పడింది!

కార్డులూ అలాగే అచ్చయి వచ్చాయి. మళ్ళీ వేయించే వ్యవధి లేదు. ఆ రాత్రి మీ నాన్న కట్టలన్నీ వరండాలోకి తెచ్చుకుని, గేజి రీడింగులు రాసే పెన్నుతో ఒక్కో కార్డు మీద పెద్దత్త పేరు కింద చిన్నత్త పేరు, బావ పేరు రాస్తూ కూర్చున్నాడు. అచ్చు నలుపు, వాడి రాత నీలం, అదీ వంకర టింకర. “చూసేవాళ్ళు ఏమనుకుంటారు?” అన్నాడు మామ. “చదువుకుంటారు” అన్నాడు వాడు, తలెత్తకుండానే.

పేపరులో పడినదాన్ని మాత్రం దిద్దలేకపోయాడు. ఆ కటింగు ఇప్పటికీ ఇళ్ళల్లో ఉంది. రేపు మీ పిల్లలు తీసి చూస్తే మీ తాతయ్యకు ఒక్కతే కూతురు. నా భయమంతా దాని గురించే. నువ్వు వాక్యం బాగా రాయకపోయినా ఫరవాలేదు, ఎవరినీ వదలకు. ఎవరైనా అడ్డం చెబితే నాకు ఫోను ఇవ్వు, నేను మాట్లాడతాను.

నిన్ను కసిరానని బాధపడకు తల్లీ. నాకన్నా చిన్నవాడి గురించి ఇలా రాయవలసి రావడం నాకూ కొత్తే. ఇవాళే చిన్నత్తకు ఫోను చేసి, మామయ్య ఇంటిపేరు ఎలా రాసుకుంటారో కనుక్కో. అచ్చుకు పంపేముందు అమ్మకు ఒకసారి చదివి వినిపించి, ఆ తరవాత నాకు పంపు. వేళకు ఇంత అన్నం తిను.

మీ పెదనాన్న