కోత గంట, మోత పూట

ప్రశ్న: అన్నా, నమస్తే. మేము ఐదుగురం హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల చెట్లు కొట్టే పని పట్టుకుంటాం. రంపం మిషన్ కొన్నాక కోత పదకొండింటికే అయిపోతుంది గానీ, పెరట్లోంచి దుంగలు, మండలు బండి దాకా తెచ్చేసరికి చీకటి పడుతోంది. మొన్న నయీంనగర్‌లో ఒక వేపచెట్టుకైతే మూడడుగుల సందు, అందులో రెండు మలుపులు. ఇంకో ఇద్దరిని పెట్టుకుంటే కూలి గిట్టదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మనుషుల్ని పెంచకండి తమ్ముడూ. మూడడుగుల సందులో ఇంకో ఇద్దరొస్తే ఎదురొచ్చేవాళ్లకు దారివ్వడంతోనే సరిపోతుంది. మీకు ఆలస్యమయ్యేది మోతలో కాదు, ఎట్లా మోయాలో చూసుకోకుండా కోసేయడంలో. మిషన్ పట్టుకున్నవాడు ఊపు మీద కోసుకుంటూ పోతాడు, కింద మండల మీద దుంగ, దాని మీద మళ్లీ మండలు పడి చిక్కు పడిపోతాయి, ఆ చిక్కు తీయడానికే సగం పొద్దు పోతుంది.

అందుకే చెట్టెక్కకముందు బండి ఎక్కడ ఆపాలో ఖాయం చేసుకుని, అక్కడి నుంచి చెట్టు దాకా ఒకసారి నడిచి రండి. పూలకుండీలు, బట్టల దండెం, ఇంటాయన బైకు అన్నీ అప్పుడే తీయించండి. మోరీ మీద పగిలిన బండ ఉంటే దాని మీద గట్టి చెక్క పరవండి. వెనక ప్రహరీ అవతల ఖాళీ జాగా ఉందంటే, ఆ జాగా వాళ్లని అడిగి గోడ మీదుగా దింపుకోవడం రెండు మలుపుల సందు కంటే వంద రెట్లు నయం. అడగడానికి మొహమాటపడి రోజంతా మోసేవాళ్లను చాలామందిని చూశాను.

కోత మొదలయ్యాక నాలుగైదు కొమ్మలు పడగానే మిషన్ ఆపించండి. పైవాడు ఆగాకే కిందివాళ్లు లోపలికి వెళ్లాలి, ఇందులో మాత్రం తొందర వద్దు. తీసిన మండలన్నీ మొదలు సందు వైపు, కొసలు చెట్టు వైపు ఉండేలా పేర్చి, మొదలు పట్టి లాగితే రెమ్మలు వెనక్కి ముడుచుకుని జారుతూ వస్తాయి. కొస పట్టి లాగితే ప్రతి గేటుకీ, కిటికీ చువ్వకీ తగులుకుంటాయి. అడ్డంగా చాచుకున్న పక్క రెమ్మలను ముందే కత్తితో కొట్టేయండి. సన్న రొట్ట ఉంటే పాత టార్పాలిన్ మీద పోసి ఈడ్చుకురండి, చేతులతో ఎత్తుకోవద్దు.

ఇక దుంగలు. పచ్చి కట్టె దాదాపు నీళ్లంత బరువుంటుంది, అంటే ఘనపు అడుగుకు 28 కిలోలు వేసుకోండి. చింత ఇంకా ఎక్కువే తూగుతుంది. అడుగు మందం, మూడడుగుల పొడవున్న ముక్క 66 కిలోల దాకా వస్తుంది. అదే పొడవు ఉండి మందం రెండడుగులైతే బరువు రెట్టింపు కాదు, నాలుగింతలు, అంటే 260 కిలోలు దాటుతుంది! భవన నిర్మాణ కార్మికుల కోసం 1998లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో మగమనిషి ఒక్కడే 55 కిలోలకు మించి, ఆడమనిషి 30 కిలోలకు మించి ఎత్తకూడదని ఉంది. మన పనికీ ఆ లెక్కే పెట్టుకోండి. అడుగు మందం దుంగను రెండడుగుల ముక్కలు చేస్తే ఒక్కోటి 44 కిలోలు, ఒక మనిషి మోయగలడు. పొడవుగానే కావాలంటే దుంగ కింద తాడు వేసి, దాన్లో బొంగు దూర్చి ఇద్దరు భుజాన వేసుకోండి. అంతకన్నా లావువి ఎత్తే ఆలోచనే వద్దు, గడ్డపారతో లేపి కింద రెండు, మూడు ఇనుప పైపులు పెట్టి దొర్లించండి. వెనక పైపు ఖాళీ కాగానే ఒకడు తీసి ముందు వేస్తూ ఉండాలి.

ఎంత పొడవు కోయాలన్నది మీ ఇష్టం కాదు, కొనేవాడి ఇష్టం. సామిల్లు వాళ్లకు పొడవు కావాలి, పొయ్యి కట్టెలకు పొట్టివి చాలు, కాబట్టి అడితికి ముందురోజే ఫోన్ చేయండి. రెండడుగుల మందం మొదలును సామిల్లు కోసం ఆరడుగులు ఉంచారంటే అది అర టన్ను పైనే, ఆ సందులోంచి మనుషులతో రాదు. గోడ మీదుగా హైడ్రా క్రేన్‌తో తీయిస్తే కట్టె ధరకు గిడుతుందా లేదా లెక్క వేసుకోండి, గిట్టకపోతే అక్కడే ముక్కలు చేసేయండి. హైడ్రా పిలిస్తే దుంగలన్నీ ఒకచోటికి చేర్చాకే పిలవండి, మీరు వెతుకుతుంటే అది నిలబడి కిరాయి తింటుంది. కట్టె మీదా, ఇంటివాళ్లదా అన్నదీ ముందే తేల్చుకోండి. నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, చెట్టు కొట్టడానికి అనుమతి ఉందో లేదో, దుంగలు తీసుకెళ్లడానికి కాగితం కావాలో వద్దో అటవీశాఖ ఆఫీసులో అడిగాకే చెట్టు మీద చేయి వేయండి.

బండికెక్కించేటప్పుడు ట్రాలీకి రెండు గట్టి పలకలు ఏటవాలుగా ఆనించండి. రెండు మోకుల కొసలు ట్రాలీకి కట్టి, దుంగ కింద నుంచి పోనిచ్చి పైనుంచి వెనక్కి తెచ్చి, ట్రాలీ అవతల నుంచి లాగండి. దుంగ దొర్లుతూ ఎక్కుతుంది, ఉత్తగా నెట్టే దాంట్లో సగం బలం చాలు. దుంగ వెనక మాత్రం ఒక్కడూ నిలబడొద్దు. ఒకే బండి ఉంటే మొదటి ట్రిప్పులో మండలు పంపేయండి, నేల ఖాళీ అవుతుంది.

ప్రశ్న: పొలం గట్టు మీద పడిన చింత దుంగను ట్రాక్టర్‌తో లాగుతుంటే ముందు చక్రాలు పైకి లేచాయి. ఇంజన్ బలం చాలకనా?
– ఒక రైతు, జగిత్యాల

జవాబు: బలం ఎక్కువై లేచాయండీ! గొలుసు ఎక్కడ కట్టారన్నదే అసలు సంగతి. వెనక పనిముట్లు తగిలించే పై కడ్డీకో (టాప్ లింక్), ఇరుసు పైనో కడితే బండి వెనక్కి తిరగబడుతుంది, తప్పించుకునే టైమ్ కూడా ఉండదు. ఎప్పుడైనా ఇరుసు కంటే కింద ఉండే లాగుడు పట్టీకే (డ్రాబార్) కట్టాలి. మొదటి గేర్‌లో మెల్లగా గొలుసు బిగిశాకే లాగండి, జెర్కు ఇవ్వొద్దు. దుంగ ముందు కొసను గొడ్డలితో వాలుగా చెక్కితే మట్టిలోకి దిగబడదు. లాగేటప్పుడు గొలుసు వరుసలో ఎవరూ ఉండకూడదు, తెగితే అది ఎటు కొడుతుందో చెప్పలేం. ట్రాలీలో వేశాక బరువు ఇరుసుకు కొంచెం ముందుకే ఉండాలి, వెనక్కి పడితే ట్రాక్టర్ వెనక చక్రాలకు పట్టు పోతుంది.

ప్రశ్న: గాలివానకు ఇంటి ముందు చెట్టు వేర్లతో సహా పడింది. మేమే కోసి తీసేయొచ్చా?
– ములుగు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: 2024 ఆగస్టు 31న మీ తాడ్వాయి అడవిలో వేల చెట్లు ఎట్లా పడిపోయాయో మీకు తెలుసు కదమ్మా. పడిన చెట్టు నిలబడ్డ చెట్టు కంటే మోసకారి. కరెంటు తీగ తగిలి ఉంటే కరెంటు ఆఫీసు నంబరు 1912కి ఫోన్ చేసి, లైన్‌మన్ వచ్చి కరెంటు ఆపేశామని లైన్ క్లియర్ ఇచ్చేదాకా ఆకు కూడా ముట్టొద్దు. మాను కోయగానే వేర్ల ముద్ద మళ్లీ గుంతలోకి కూలుతుంది, ఆ గుంత దగ్గరికి పిల్లల్ని రానివ్వొద్దు. విల్లులా వంగి ఉన్న కొమ్మకు ముందు లోపలి వైపు చిన్న గాటు పెట్టి, ఆ తర్వాత సాగిన వైపు కోయాలి, లేదంటే ముఖానికి కొడుతుంది. ఇది అలవాటున్నవాళ్ల చేతే చేయించండమ్మా.

ప్రశ్న: మిగిలిన ఆకు, పుల్ల కాల్చేస్తే పోదా?
– కాజీపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: పోదు, ఫైన్ పడుతుంది. ఆరుబయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున అయితే 25,000 అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. సుబాబుల్, రావి రొట్ట అయితే మేకలవాళ్లకు కబురు పెట్టండి, వాళ్లే వచ్చి పట్టుకుపోతారు. మిగతాది ముక్కలు చేసి మొక్కల చుట్టూ పరవండి, కాకపోతే కాండానికి తగలకుండా బెత్తెడు దూరం ఉంచండి, పచ్చి ముక్కలను మట్టిలో కలిపేయకండి, కుళ్లేటప్పుడు మట్టిలోని నత్రజనిని అవే లాగేసుకుంటాయి.