పదకొండుమంది, రెండు ఫ్లాట్లు, వంద కాయల ఆవకాయ

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. అత్తయ్యగారు, మావయ్యగారు, మావారి మేనత్త, మేమిద్దరం, మరిది, తోడికోడలు, పిల్లలు నలుగురు, మొత్తం పదకొండుమందిమి. పంపకాల్లో మా మండువా ఇల్లు మావయ్యగారి అన్నగారి వాటాకి వెళ్లింది. కాకినాడలో మూడో అంతస్తులో ఎదురెదురుగా రెండు ఫ్లాట్లు అద్దెకు తీసుకున్నాం. ఒకటి మూడు గదులది, ఒకటి రెండు గదులది. ఆషాఢం రాకముందే, అంటే ఇరవై రోజుల్లో దిగిపోవాలి. పనికిరాని సామాను నేను పగలు బయటపెడితే అత్తయ్యగారు రాత్రి మళ్లీ లోపల పెట్టేస్తున్నారు. పైగా ఇల్లు మారే ఏడాది వంద కాయల ఆవకాయ పెట్టారు! పెద్ద ఫ్లాటు ఎవరికన్న దగ్గర నాకూ తోడికోడలికీ మాటలు లేవు. మావయ్యగారికి మతిమరుపు. మూటలు చూసి రోజూ "పెళ్లెవరిదమ్మా?" అని అడుగుతున్నారు. పదో తరగతికి వచ్చిన మా అమ్మాయి ఎవరితోనూ మాట్లాడటం లేదు. మావారినడిగితే "నువ్వే చూసుకో" అంటారు. నాకు ఎటైనా పారిపోవాలనిపిస్తోంది.
- ఓ పెద్ద కోడలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన వేసింది అందులో పావు వంతు కూడా కాదు. భోషాణం, పందిరి మంచం, ఉయ్యాల బల్ల, రెండు గంగాళాలు, అటక మీద ఆరు ఇత్తడి గుండిగలు, రుబ్బురోలు... సామాను లెక్కంతా పొల్లుపోకుండా రాశారు. కానీ కొత్త ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకుంటారో ఆ నాలుగు పేజీల్లో ఒక్క ముక్క లేదు. నాకు చిక్కంతా అక్కడే కనబడింది.

మండువా ఇంట్లో గదులు పెద్దగా ఉండవు గానీ ఎవరి చోటు వాళ్లకుంటుంది. మావయ్యగారికి వీధరుగు. అత్తయ్యగారికి స్తంభానికి ఆనుకుని కూరలు తరుక్కునే చోటు. మేనత్తగారికి వసారా చివర నవారు మంచం. ఇది నీది అని ఎవరూ రాసివ్వలేదు, ఎవరూ అడగలేదు, నలభై యాభై ఏళ్లుగా అలా స్థిరపడిపోయింది. ఇప్పుడు ఆ చోట్లన్నీ ఒక్కసారిగా పోతున్నాయి. కొత్తవి ఎక్కడో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. చోటు తెలియని మనిషి సామాను పట్టుకుని కూర్చుంటుంది. అత్తయ్యగారు రాత్రిపూట లోపల పెడుతున్నది పాత గిన్నెల్ని కాదేమో, ఆలోచించండి.

మా నాన్నగారిది ఇరిగేషన్‌లో ఉద్యోగం. ధవళేశ్వరంతో మొదలుపెట్టి, పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు మమ్మల్ని డెల్టా అంతా తిప్పారు. ఎదుర్లంక వంతెన వచ్చింది 2002లో. అంతకు చాలా ముందే మా మంచాలూ కుర్చీలూ పంటు మీద గోదావరి దాటాయి. ప్రతి కొత్త ఇంట్లోనూ గుమ్మం దాటగానే మా నాయనమ్మ అడిగే మొదటి మాట "నా మంచం ఎక్కడరా?" దానికి జవాబు దొరికేదాకా ట్రంకుపెట్టె తాళంచెవి ఆవిడ కొంగు ముడిలోంచి బయటికి వచ్చేది కాదు. చిన్నప్పుడు అది చాదస్తం అనుకునేదాన్ని.

కాబట్టి రెండు రోజులు మూటలు కట్టడం ఆపేయండి. ఇరవై రోజులే ఉన్నాయి, ఇదేం సలహా అనుకోకండి. మీ మరిదిని కాకినాడ పంపి, రెండు ఫ్లాట్ల కొలతలూ అడుగుల్లో రాసుకురమ్మనండి. గదులు, వంటిల్లు, గుమ్మాల వెడల్పు, లిఫ్టు లోపలి కొలత, మెట్ల మలుపు అన్నీ. తర్వాత ఒక సాయంత్రం మీ పెరట్లో కల్లాపి చల్లి, ఆ రెండిళ్లనూ ముగ్గుపిండితో అసలు కొలతలకే గీయండి. పిల్లలు నలుగురికీ ఆ పని అప్పగిస్తే గంటలో గీసేస్తారు. అప్పుడు అందర్నీ పిలిచి ఆ గీతల్లో నిలబడమనండి. "అత్తయ్యగారూ, ఇది మీ గది, కిటికీ ఇటు, మంచం ఎటు వేద్దాం?" అని అడగండి. భోషాణం ఎక్కడ పెడతారో ఆవిడనే చూపించమనండి. పందిరి మంచం లిఫ్టులో పట్టదని, గదిలో వేస్తే తలుపు తెరుచుకోదని మీరు పదిసార్లు చెబితే గొడవ. ముగ్గు గీత మీద ఆవిడకే కనిపిస్తే గొడవుండదు. ఉన్నా మీతో కాదు, ఆ గీతతో.

నన్నడిగితే పెద్దవాళ్లిద్దరినీ బాత్రూమ్ లోపలే ఉన్న గదిలో ఉంచండి. మేనత్తగారికీ ఆడపిల్లలకూ కలిపి ఒక గది. మీకొకటి, మీ తోడికోడలికొకటి. మిగిలింది మగపిల్లలకు. అది మీ ఇల్లు, మీ లెక్క వేరే ఉండొచ్చు. గోడ మీద ఉండాల్సింది మాత్రం సామాను జాబితా కాదు, పేర్లతో ఈ బొమ్మ.

ఇక ఆవకాయ. మీకు దాని మీద కోపం, నాకేమో ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన సంగతి అదే అనిపించింది. రెండు ఫ్లాట్లంటే రెండు వంటిళ్లు, రెండు పొయ్యిలు. ఇల్లు మారడం పేరుతో వేరు కాపురాలు పెట్టేస్తున్నారా అని అత్తయ్యగారు ఒక్కసారైనా అడిగారా? అడగరు. వంద కాయలు తరిగించి జాడీలకెత్తారు, అంతే. పదకొండుమందీ ఒక జాడీలోంచే తింటారని చెప్పడానికి ఆవిడకు వచ్చిన పద్ధతి అది. మీ తోడికోడలు పెద్ద ఫ్లాటు అడగడం వెనకా ఈ ప్రశ్నే ఉండొచ్చు. ఆవిడకు సొంత వంటిల్లు కావాలేమో, ఆ మాట నోటితో అనలేక గదుల లెక్క మాట్లాడుతోందేమో. అది తప్పేం కాదు. మీకూ లోలోపల ఆ కోరికుంటే అదీ తప్పు కాదు.

ముందు మీ తోడికోడళ్లిద్దరే మాట్లాడుకోండి. పెద్ద ఫ్లాటు గురించి మాత్రం ఎత్తొద్దు. "పొయ్యి ఒకటా, రెండా?" ఇదొక్కటే అడగండి. తర్వాత అన్నదమ్ములిద్దరినీ కూర్చోబెట్టి నలుగురూ ఒక మాట అనుకుని, దాన్నే అత్తయ్యగారికి చెప్పండి. ఉదయం టిఫిన్లు, బాక్సులు ఎవరింట్లో వాళ్లు, రాత్రి భోజనం అందరూ ఒకచోట. ఇలా నడుస్తున్న కుటుంబాలు నాకు తెలుసు, బాగానే నడుస్తున్నాయి. పొయ్యిలు రెండైనా ఫర్వాలేదు గానీ, ఆ సంగతి కొత్త ఇంట్లో గ్యాస్ వెలిగించిన రోజున ఆవిడకు తెలియకూడదు.

సామాను విషయంలో ఒక్కటి గట్టిగా చెబుతాను. ఆవిడ చూడకుండా ఏదీ పారేయకండి, పాతసామాన్లవాడికి వేయకండి. "పనికిరానిది" అన్న మాటే వాడకండి, డెబ్బై దాటిన మనిషికి ఆ మాట ఎక్కడ తగులుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. వంటింట్లో రెండు అరలు, ఒక అటక పూర్తిగా ఆవిడవి అని చెప్పండి. అందులో ఏం సర్దుకుంటారో ఆవిడ ఇష్టం. పట్టనివాటిని ఎవరికివ్వాలో కూడా ఆవిడే పేరు పెట్టి చెప్పాలి. ఒక గుండిగ ఆడపడుచుకి, రెండు ఊరి గుడికి సంతర్పణల కోసం. చేతుల మీదుగా ఇచ్చిన వస్తువు పోగొట్టుకున్నట్టు ఉండదు. రుబ్బురోలు మూడో అంతస్తుకి వద్దు, కింది ఇంటివాళ్ల ఉసురు తగులుతుంది.

"నువ్వే చూసుకో" అన్న మీ వారికి ఈ పేరా చదివి వినిపించండి. బాబూ, "ఏమైనా సాయం కావాలా" అని అడగడం కూడా మీ ఆవిడకు ఇంకో పనే. మీ పనులు ఇవి, మొదలూ చివరా మీవే: గ్యాస్ ఏజెన్సీకి వెళ్లి సిలిండర్లు, రెగ్యులేటరు అప్పగించి ట్రాన్స్‌ఫర్ కాగితం తీసుకోవడం. రెండు పొయ్యిలైతే రెండో కనెక్షన్ సంగతి కనుక్కోవడం. పిల్లల టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు. లారీ మాట్లాడటం, అపార్ట్‌మెంటు వాళ్లు సామాను ఏ వేళల్లో ఎక్కించనిస్తారో ముందే అడగడం. ఆధార్‌లో అడ్రసులు. నాన్నగారి మందులు నెల రోజులకు సరిపడా. బియ్యం కార్డు గురించి కంగారు అక్కర్లేదు, రేషన్ వేరే ఊళ్లోనూ తీసుకోవచ్చు. ఏ పని ఏ తేదీకి అవుతుందో ఆ ముగ్గుబొమ్మ పక్కనే రాయండి.

మావయ్యగారి గురించి నాకు ఎక్కువ ఆలోచనగా ఉంది. మతిమరుపు ఉన్న పెద్దవాళ్లు పాత ఇంట్లో సగం అలవాటు మీద నడుస్తారు. చీకట్లో కూడా కాళ్లే పెరటి తలుపు వైపు తీసుకెళతాయి. ఇల్లు మారగానే ఆ ఆసరా పోతుంది, అందుకే మతిమరుపు ఒక్కసారిగా ఎక్కువైనట్టు కనిపిస్తుంది. వెళ్లేలోపే ఒకసారి డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ తక్కువైనా, చెవి సరిగా వినపడకపోయినా మతిమరుపులాగే ఉంటుంది. వాటికి మందూ మార్గమూ ఉన్నాయి. లారీ ఎక్కించే రోజు ఆయన్ని మూటల మధ్య ఉంచకండి, ఆడపడుచు ఇంట్లో దింపండి. కొత్త ఇంట్లో అందరికంటే ముందు ఆయన గది సర్దండి. అదే మంచం, అదే దుప్పటి, తల అదే దిక్కుకి, అదే పడక్కుర్చీ, గోడకు అదే క్యాలెండరు. కొత్త దుప్పట్లు కొనకండి. మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు వెలగాలి. టైల్స్ మీద తడి ఉండకూడదు. వీధి తలుపుకీ బాల్కనీకీ గడియ ఆయన చేతికి అందనంత పైన పెట్టించండి. జేబులో మీ వారి ఫోన్ నంబరు రాసిన కాగితం ఉంచండి.

సాయంత్రమయ్యేసరికి "ఇంటికి పోదాం పదండి" అంటారు, సిద్ధంగా ఉండండి. "ఇదే మనిల్లు, గుర్తులేదా?" అని వాదించొద్దు. పక్కన కూర్చుని "మన వీధరుగు మీద ఈ వేళకి ఎవరెవరు చేరేవాళ్లు మావయ్యగారూ?" అని అడగండి. చెబుతూ చెబుతూ ఆయనే నెమ్మదిస్తారు. ఉన్నట్టుండి బాగా తికమకపడినా, జ్వరమొచ్చినా, తిండి మానేసి మగతగా పడుకున్నా మాత్రం ఇల్లు మారినందుకులే అని సరిపెట్టుకోకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇక పెళ్లెవరిదంటే... "మనమందరం కాకినాడ వెళుతున్నాం మావయ్యగారూ, మీరు ముందు" అనండి. రోజుకు పదిసార్లడిగితే పదిసార్లూ అదే మాట.

అమ్మాయి విషయం చిన్నది కాదు గానీ దారి తేలిక. మన దగ్గర బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. సామాను సంగతి ఎలా ఉన్నా అప్పటికి ఆమె కాకినాడ బడిలో చేరిపోయి ఉండాలి. పదో తరగతి పిల్ల నెల ఆలస్యంగా చేరితే పాఠాలూ పోతాయి, స్నేహాలూ కుదరవు. వెళ్లేలోపు స్నేహితురాళ్లను ఒకరోజు ఇంటికి పిలిచి భోజనం పెట్టండి. మూటలు కట్టడానికి ఆ పిల్లను పిలవకండి. ముగ్గుబొమ్మ గీసేటప్పుడు మాత్రం పిలవండి, చదువుకునే బల్ల ఎక్కడ వేయాలో తననే చూపించమనండి.

మీ సంగతి. 1967లో హోమ్స్, రాహే అని ఇద్దరు అమెరికా డాక్టర్లు జీవితంలో వచ్చే 43 మార్పులకు మార్కులు వేశారు, ఏది ఎంత టెన్షన్ పెడుతుందో చూద్దామని. భార్యో భర్తో పోతే 100. ఇల్లు మారితే 20. బడి మారితే 20. అత్తింటివాళ్లతో తగువుకు 29! ఇల్లు మారడం కంటే అదే బరువని అమెరికావాళ్లు కూడా ఒప్పుకున్నారన్నమాట. పదకొండుమంది ఉమ్మడి కుటుంబం వాళ్ల పట్టికలో లేనే లేదు. కాబట్టి పారిపోవాలనిపించడం మీ చేతకానితనం కాదు. నిజంగానే ఒక పూట పారిపోండి. పుట్టింటికో, అంతర్వేదికో, ఎవరికీ చెప్పాల్సిన పని లేకుండా వెళ్లి సాయంత్రానికి రండి. నిద్ర పట్టకపోవడం వారాల తరబడి సాగినా, బతికి ఏం లాభం అనిపించినా మాత్రం 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం వారి టెలి మానస్, డబ్బులేమీ పడవు, తెలుగులో మాట్లాడతారు.

దిగే రోజు పాలు పొంగించడం అత్తయ్యగారి చేతే చేయించండి. ఏ ఫ్లాటులో అని మళ్లీ పేచీ రాకుండా, రెండింట్లోనూ ఆవిడే పొంగించాలి. ఆ రోజుకి పులిహోర, పెరుగన్నం చాలు. మందులు, లైటరు, తువ్వాళ్లు, పిల్లల బట్టలు ఒక జత, చీపురు, ఇవన్నీ ఒకే సంచిలో మీ దగ్గరుండాలి, లారీలో కాదు.

ఆవకాయ జాడీలు కూడా లారీ ఎక్కనివ్వకండి. పైకి తేలిన నూనె ముందురోజే సీసాల్లోకి వంచేయండి, లేకపోతే ఎదుర్లంక చేరేలోపే కారుతుంది. మూతి మీద తడి లేని గుడ్డ వేసి వాసెన కట్టండి. కాకినాడలో దించాక ఆ నూనె మళ్లీ పోసి కలపండి. పెద్ద జాడీ కారు ముందు సీట్లో, అత్తయ్యగారి ఒళ్లో. అడగండి, కాదనరు.