పుండు కోసి శుభ్రం చేస్తే ఇంకా పెరగడమేమిటి?

మీరు రాసింది: శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో ఉన్న అమ్మకు పిక్క మీద చిన్న పొక్కు అరచేయంత పుండైంది. యాంటీబయాటిక్స్ వాడారు, కోసి శుభ్రం చేశారు, అయినా పెరిగింది. ఇది పయోడెర్మా గాంగ్రినోసమ్ అనే చర్మవ్యాధి, ఇన్ఫెక్షన్ కాదని డాక్టర్లు అన్నారు. మరేమిటని అడిగారు.

ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే చేస్తున్న పని ఇది. 1930లో దీన్ని వివరించిన వైద్యులూ మొదట బ్యాక్టీరియానే అనుమానించారు. చర్మకణాలు, మాక్రోఫేజ్‌లు అనే రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-8, టీఎన్ఎఫ్ ఆల్ఫా అనే సంకేతాలను అతిగా వదులుతాయి. ఆ కబురందగానే న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు గుంపులుగా దిగుతాయి. చంపడానికి క్రిమి ఉండదు, వాటి ఎంజైములు చర్మాన్నే కరిగిస్తాయి. పైగా అవే మళ్లీ కబురు పంపి ఇంకొన్నిటిని రప్పిస్తాయి. పుండు అంచు ఊదారంగుకు తిరిగి, కింద గుల్లగా ఉండేది అందుకే. కత్తి గాటు తగిలినా ఇదంతా రెచ్చిపోవచ్చు. దీన్నే పాథర్జీ అంటారు. పసర్లు, కట్లు అని చుట్టాలు చెప్పేవి కూడా వద్దు.

అంచు నుంచి చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్ష మాత్రం తప్పదు. ఇన్ఫెక్షన్, క్యాన్సర్ కావని తేలాలి కదా! తర్వాత రోగనిరోధక వ్యవస్థను అణిచే మందులు: స్టెరాయిడ్లు, సైక్లోస్పోరిన్. లొంగకపోతే టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్, దానికి ముందు టీబీ పరీక్ష. అమ్మకు మలంలో రక్తం, కీళ్లవాపు ఏమైనా ఉంటే డాక్టరుకు చెప్పండి. పేగుల జబ్బుతో, కీళ్లవాతంతో కలిసి ఇది రావడం మామూలే.