నానోట్యూబులో నీళ్ల మీద రీసెర్చా, ఎంసీఏనా?

ప్రశ్న: సార్, బీఎస్సీ ఎంపీసీ రెండో ఏడు చదువుతున్నాను. కార్బన్ నానోట్యూబుల్లో అణువులు ఎలా కదులుతాయో చదివినప్పటి నుంచి అదే ధ్యాస. నాన్నేమో ఎంసీఏ చేయమంటున్నారు. ఏం చేయను?

జవాబు: అమ్మా, నీకు అది ఎందుకు పట్టుకుందో నాకు అర్థమైంది. నానోట్యూబంటే కార్బన్ పరమాణువులతో అల్లిన అతి సన్నని గొట్టం. 2001లో శాస్త్రవేత్త హమ్మర్ బృందం దాదాపు 0.8 నానోమీటర్ల (నానో అంటే వంద కోట్లలో ఒక వంతు) వ్యాసమున్న అలాంటి గొట్టాన్ని కంప్యూటర్ లెక్కలో నీళ్లలో ముంచింది. కార్బన్ గోడకు నీళ్లంటే పడదు కదా, అయినా నీళ్లు లోపలికి వెళ్లాయి, అదీ ఒక్క వరసలో, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు ఐదు అణువులు, నానోసెకనుకు సుమారు 17 చొప్పున అటు నుంచి ఇటు దాటిపోయాయి. 2006లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్ వాళ్లు నిజంగా నానోట్యూబులతో చేసిన పొరల్లోంచి నీళ్లు పంపి కొలిస్తే, మామూలు ప్రవాహ సూత్రాలు చెప్పినదానికంటే వెయ్యి రెట్లకు పైగా వేగం వచ్చింది. గోడ నున్నగా ఉండటం వల్ల రాపిడి దాదాపు ఉండదు. అయితే అణువులు విడివిడిగా, ఒకదాన్నొకటి దాటలేక నడిచే చోట కథ తిరగబడుతుంది, తిరుమల క్యూలైన్లో లాగా ముందువాళ్లు కదిలితేనే మనం. అక్కడ రెట్టింపు దూరం పోవడానికి, అణువులు స్వేచ్ఛగా తిరిగేటప్పుడు పట్టే నాలుగు రెట్లు కాదు, పదహారు రెట్ల టైమ్ పడుతుంది.

ఇక నాన్నగారి టెన్షన్. అది తప్పు కాదు. ఈ రంగంలో పీహెచ్‌డీ లేకుండా మంచి ఉద్యోగం కష్టం, అంటే డిగ్రీ తర్వాత ఆరేడేళ్లు పడుతుంది. కానీ పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, ఇంట్లో అడగక్కర్లేదు. పైగా అణువుల కదలికను కంప్యూటర్‌లో లెక్కగట్టే (సిమ్యులేషన్) ఈ పని చేసేవాళ్లకు లినక్స్, పైథాన్, కొంచెం సీ రాకపోతే నడవదు, కాబట్టి ఎంసీఏలో నేర్చుకునేదాంట్లో కొంత ఇక్కడే వస్తుంది. బ్యాటరీలు, మందుల తయారీ, ఉప్పునీటి శుద్ధి, అన్నిచోట్లా ఇవే సిమ్యులేషన్లు వాడతారు.

మూడో ఏడులో ఐఐటీ జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయి. బెంగళూరు ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి అదే దారి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎమ్మెస్సీకి సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష కూడా రాయి.

అయితే ఏ నిర్ణయం తీసుకోకముందు ఈ సెలవుల్లో ఒక పని చెయ్యి. గ్రోమాక్స్ అని ఈ సిమ్యులేషన్లు చేసే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం, దించుకో. హమ్మర్ చేసినంత చిన్న గొట్టం లెక్క ఇప్పుడు ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది. మొదట పదిసార్లు ఎర్రర్ వస్తుంది, అప్పుడు విసుగొస్తుందా, ఇంకా కూర్చోవాలనిపిస్తుందా చూసుకో. గొట్టంలో ఎన్ని నీటి అణువులు నిలిచాయో లెక్కపెట్టి నాకు రాయి, ఆ తర్వాత నాన్నగారితో నేను మాట్లాడతాను.