నీళ్ళు వేడెక్కితే కాడ్ ఎటు పోతుంది? అంతర్వేది వైపు నుంచి ఒక జవాబు

అడిగిన ప్రశ్న: సముద్రం వేడెక్కి కాడ్ చేపలు ఉత్తరానికి పోతున్నాయట, తగ్గిపోతున్నాయట. మన గోదావరి చేపలకూ ఇదే గతా?

కాడ్ అంటే ఉత్తర అట్లాంటిక్ చల్లనీళ్ళలో బతికే చేప, దాన్ని నేను కళ్ళతో చూడలేదు. చిన్నప్పుడు కాడ్ లివర్ ఆయిల్ గుళిక మింగమంటే కొరికి చూసి, రోజంతా నాలుక పాడుచేసుకున్నాను. మా ఇద్దరి పరిచయం అంతే. కానీ నీళ్ళ వేడికీ చేపకీ ఉన్న లంకె ఏమిటో ఇంటర్ చదివే వయసులోనే తెలిసింది.

పరీక్షలైపోయి ఖాళీగా తిరుగుతున్నానని మా పెదనాన్న గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది మొగ దాటి వేటకు తీసుకెళ్ళాడు. తెల్లవారుజామున వల వేసే ముందు బోటు అంచు మీంచి వంగి, మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో ముంచాడు. కాసేపు అలాగే ఉంచి, "ఒరేయ్, స్నానానికి కాచినట్టున్నాయి నీళ్ళు. ఇవాళ చేప పైకి రాదు, వల బాగా కిందకి దించండి" అన్నాడు. నేనూ ముంచాను. నాకేం తేడా తెలియలేదు. పక్క బోటువాళ్ళు ఎప్పటిలాగే పైపైనే వేశారు. మేం తాడు పెంచి, బరువులు కట్టి దించాం. ఎండెక్కాక లాగితే మా వల నిండా కానాగంతలు, చేతులు జారిపోయేంత నిగనిగలాడుతూ. వాళ్ళకి వచ్చింది జెల్లీఫిష్, నాలుగు ప్లాస్టిక్ కవర్లు. ఒక్క రోజు చూసి ఇంత నమ్మకమా అంటారేమో. నమ్మకమే.

కాడ్ చేసేదీ ఇదే. చల్లదనం వెతుక్కుంటూ లోతుకో, ఉత్తరానికో జరుగుతుంది. దానికి పది డిగ్రీల లోపు నీళ్ళయితే హాయి. వేసవిలో మన బంగాళాఖాతం పైనీళ్ళు 30 డిగ్రీలుంటాయి, ఇక్కడికొస్తే పొయ్యి ఎక్కకుండానే పులుసైపోతుంది. అయితే అసలు దెబ్బ పెద్ద చేపకంటే పిల్లలకి. బ్రిటన్‌కి తూర్పునున్న నార్త్ సీ వేడెక్కేసరికి కాడ్ పిల్లలు తినే నువ్వుగింజంత చలినీటి పురుగులు తగ్గిపోయాయి. తిండి లేక పిల్ల బతకదు. అదే వేడి నార్వేకి పైనున్న బారెంట్స్ సముద్రంలో కాడ్‌కి కలిసొచ్చింది. 2010ల మొదట్లో అక్కడ దశాబ్దాలుగా చూడనన్ని పెరిగాయి.

ఇక నా అసలు బాధ చెప్తాను. ఏం తగ్గినా వేడి మీదకి తోసేయడం మనవాళ్ళకి అలవాటైపోయింది. 1992లో కెనడా న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ వేట ఆపేసింది, ముప్పై వేల మందికి పని పోయింది. రెండేళ్ళే అనుకున్న నిషేధాన్ని పూర్తిగా ఎత్తేసింది 2024లో. మరి అప్పుడు అక్కడి నీళ్ళు వేడెక్కాయా? మామూలు కంటే చల్లగా ఉన్నాయి! దశాబ్దాలపాటు ట్రాలర్లు ఊడ్చేశాక, మిగిలినవాటిని చలి దెబ్బ కొట్టింది.

మన పులస కథా అలాంటిదే. సముద్రంలో ఇలసగా ఉండి గోదావరికి ఎదురీదాక పులసయ్యే చేప అది. గోదావరిలో వరద ఎర్రనీరు దిగగానే టీవీవాళ్ళు ధర చెప్పి నోరు ఊరిస్తారు, పడకపోతే "వాతావరణ మార్పు" అంటారు. ధవళేశ్వరంలో 1852లోనే ఆనకట్ట కట్టి ఏటికి ఎదురీదే చేపకి అడ్డం పెట్టాం. మొగలో వేలెడంత ఇలస పిల్లల్ని సన్నకన్ను వలలతో ఊడ్చేస్తున్నాం. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం మంచిదే, మిగతా పది నెలలు ఆ వలల్ని ఎవరు చూస్తున్నారు? పైగా ఒడిశా నుంచి ఐసుపెట్టెల్లో వచ్చిన ఇలసని గోదావరి పులసంటూ అమ్ముతారు. ఒకసారి నేనూ మోసపోయాను, ఆ రేటు ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

మన చేపలు పోతాయా అంటే, కొన్ని పోతాయి, కొన్ని వస్తాయి. ఒకప్పుడు కేరళ సొత్తనుకున్న నూనె కవళ్ళు ఇప్పుడు మన తీరంలోనూ పడుతున్నాయి.

పెదనాన్న ఇప్పుడు వేటకి వెళ్ళడం లేదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహాలతో నీటి వేడి, నాచు చూసి చేపలుండే చోట్లు చెప్తుంది కదా, మా అన్నయ్య ఆ మెసేజ్ ఫోన్లో చూసుకుని బయల్దేరతాడు. అక్కడికెళ్ళాక మాత్రం చెయ్యి ముంచుతాడు.