పసిరిక పాముని చంపకు బాబూ

బాబూ,

నీ కథ అందింది, రాత్రి కూర్చుని మొత్తం చదివేశాను. అమ్మ జీడిపిక్కలు కొట్టే పేరా బావుంది. కానీ ఆ తర్వాత అర్ధరాత్రి పసిరిక పాము చెట్టు మీంచి దూకి తాత కన్ను పొడవడం, తాత నురగలు కక్కి చచ్చిపోవడం చదివి ఒళ్లు మండింది. పోటీకి పంపొచ్చా, పేరు మార్చాలా అన్నావు, అవన్నీ తర్వాత.

గుణుపూర్‌లో పుట్టినవాడివి, పెరట్లో కంచె మీద దాన్ని ఎప్పుడూ చూడలేదా? అది పగలు తిరిగే పాము. ఆకుపచ్చ ఒళ్లు, చిటికెన వేలంత లావు, నాలుగైదు అడుగుల పొడుగు, మొనదేలిన మూతి, కొమ్మ మీద కదలకుండా ఉండి గాలి వీస్తే ఆకులతో పాటు ఊగుతుంది. కంటిపాప అడ్డంగా ఉంటుంది, రెండు కళ్లూ ఒకేసారి ముందుకి పెట్టి దూరం అంచనా కడుతుంది. విషం ఉంది కానీ కోరలు నోట్లో వెనక వైపు ఉంటాయి, ఆ విషం తొండకీ కప్పకీ చాలు, మనిషికైతే కాస్త నొప్పీ వాపూ అంతే. బెదిరితే ఒళ్లు ఉబ్బించి పొలుసుల సందుల్లోంచి నలుపూ తెలుపూ గళ్లు చూపిస్తుంది, ఇంత మంచి సీను వదిలేసి తొర్రలో గుడ్లు పెట్టించావు! అది గుడ్లు పెట్టదు నాయనా, పిల్లల్నే కంటుంది.

నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక వారపత్రిక ఎడిటర్ నా కథలో పసిరిక పాముని కొట్టేసి నాగుపాము పెట్టాడు, పాఠకుడు భయపడాలట. జీడికొమ్మ మీద ఆకుల్లో ఆకులా కలిసిపోయిన నాగుపాము అచ్చయింది! ఆ కోపం నాకు ఇంకా పోలేదు. ఇప్పుడు ఫోన్లలో వచ్చే పాము వీడియోలదీ అదే దారి. చూడకుండా రాసే రాతని నేను ఒప్పుకోను. మా పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల దగ్గర వాళ్ల భాష నేర్చుకున్నాకే సవర పుస్తకాలు రాశారు. నీ కథ చదివిన పిల్లాడు రేపు కంచె మీద పచ్చగా ఏది కదిలినా కర్ర తీస్తాడు, అది ఆలోచించావా?

తాత చావక తప్పదంటే కట్లపాముని తెచ్చుకో. అది రాత్రే తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లని కాటేస్తుంది, చాలాసార్లు కాటు నొప్పి కూడా తెలీదు, తర్వాత రెప్పలు వాలిపోతాయి, ఊపిరి అందదు. అప్పుడు మంత్రగాడి సీను తీసేసి, తాతని బండి మీద హాస్పిటల్‌కి తీసుకెళ్లే దారంతా రాయాలి. ఆ భాగం రాశాక పంపు, ముందు అదే చదువుతాను.