పట్టా ఉన్నా సరే, ఆ ముప్పై మీటర్లు చెరువువే

ప్రశ్న: హనుమకొండ దగ్గర చెరువు పక్కన ఒక ప్లాటు చూశాం. పట్టా క్లియర్‌గా ఉంది, ధర కూడా తక్కువే. కానీ కొంత భాగం బఫర్ జోన్‌లోకి, అంటే చెరువు చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలోకి, వస్తుందంటున్నారు. మన డబ్బుతో మనం కొనుక్కున్న పట్టా భూమిలో ఇల్లు కట్టుకోవద్దనడం న్యాయమేనా? చెరువుకు 30 మీటర్లు వదలడం నిజంగా అవసరమా?

అవసరమే. నన్నడిగితే 30 మీటర్లు కూడా చాలవు. ఎందుకో చెప్పాలంటే ముందు మా అక్క వాళ్ల ఇంటి సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో నిలబడ్డ వాళ్లెవరూ ఈ ప్రశ్న మళ్లీ అడగరు.

బావ ఆ ప్లాటు 2010లో కొన్నాడు, 150 గజాలు. అప్పటికి అది ఇంకా గ్రామ పంచాయతీనే, తర్వాత కార్పొరేషన్‌లో కలిసింది. కొనేముందు మా నాన్నను తీసుకెళ్లి చూపించాడు. ఏప్రిల్ నెల, చెరువులో నీళ్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి, ప్లాటు చుట్టూ సర్కారు తుమ్మలు, ఎండిపోయిన జమ్ము. నాన్న చెరువు కింద వ్యవసాయం చేసి పెరిగిన మనిషి, వాళ్ల ఊళ్లో చెరువు నీళ్లు పంచే నీరటి ఎప్పుడు తూము లేపేదీ ఎప్పుడు దించేదీ చూస్తూ బతికిన మనిషి. ఆయన అక్కడ చెప్పులు విప్పి రెండడుగులు నడిచి, "అల్లుడూ, ఇది శిఖం లెక్కనే ఉంది. జమ్ము ఊరికే మొలవదు, నీళ్లు నిలిచిన జాగలనే మొలుస్తది" అన్నాడు. శిఖం అంటే చెరువు నిండితే నీళ్లు పరుచుకునే నేల. బావ పట్టా చూపించాడు. వెంచర్ వేసినవాళ్లు ఇచ్చిన రంగుల కాగితం చూపించాడు. నాన్న చదువు తక్కువ కాబట్టి కాగితం ముందు ఆయన మాట నిలబడలేదు.

పునాదికి గుంతలు తీసినప్పుడు నేనూ ఉన్నాను. మూడడుగులు మొరం. అది వెంచర్ వాళ్లు టిప్పర్లతో పోయించింది. దాని కింద నల్లటి ఒండ్రు, చేతిలోకి తీసుకుంటే సబ్బులా జారిపోయేది, అందులో తెల్లటి నత్త గుల్లలు గుప్పెళ్లకొద్దీ. మేస్త్రీ వాటిని చూసి ఏమీ మాట్లాడలేదు, పిల్లర్లు ఇంకో రెండడుగులు లోతుకు పోనిద్దామన్నాడు, అంతే. అప్పుడైనా మేం ఆగాల్సింది. నత్త గుల్లలు బయటపడ్డ చోట ఇల్లు కట్టకూడదని చెప్పడానికి ఏ జీవో కావాలి?

పన్నెండేళ్లు ఏమీ కాలేదు. 2020 ఆగస్టులో వరంగల్ మునిగినప్పుడు కూడా వాకిట్లోకి వచ్చి ఆగిపోయాయి నీళ్లు. దాంతో బావకు ధైర్యం ఇంకా పెరిగింది, ఆ ఏడాదే పక్కనున్న ఖాళీ ప్లాటు కూడా తీసుకుని, అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్‌కు వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాడు. ఆ రసీదును అనుమతి పత్రం అనుకున్నాడు పాపం. ఇప్పటికీ చాలామంది అలాగే అనుకుంటున్నారు. అమ్మేవాళ్లు కూడా అలాగే చూపిస్తారు, ఆ రసీదు, ఇంటి పన్ను కాగితం, కరెంటు మీటరు, మూడూ బల్ల మీద పెట్టి "ఇంకేం కావాలి సార్" అంటారు. ఆ మూడింట్లో ఒక్కటి కూడా అక్కడ ఇల్లు కట్టుకోవచ్చని చెప్పదు. శిఖంలో, ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండినప్పటి నీటి హద్దు లోపల, ఉన్న ప్లాట్లను ఎల్ఆర్ఎస్ క్రమబద్ధం చేయదు, ఎంత ఫీజు కట్టినా.

2023 జూలై 26 రాత్రి వచ్చింది అసలు వాన. మీరు హనుమకొండ వాళ్లే అయితే మీకు చెప్పక్కర్లేదు. ఆ 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు పడింది, భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి జనం ఇళ్లపైకెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. మా అక్క ఫోన్ తెల్లవారుజామున నాలుగింటికి వచ్చింది. "తమ్ముడూ, బాత్రూం తూములో నుంచి నీళ్లు పైకి వస్తున్నయి" అంది. వీధిలో ఇంకా నీళ్లు లేవు, గేటు దగ్గర పొడిగానే ఉంది, ఇంటి లోపల మాత్రం నేలలోంచి ఊరుతున్నాయి. పాత చీరలు చుట్టి తూముకు అడ్డం పెట్టింది. అరగంటలో వంటింటి సింకులో నుంచి వచ్చాయి. తర్వాత గేటు కింద నుంచి. వరదంటే ఉరుక్కుంటూ వస్తుందని అనుకుంటాం కదా, ఇక్కడ చప్పుడే లేదు, చెరువు నెమ్మదిగా లేచి తన జాగాలోకి తాను వచ్చి కూర్చుంది.

నేను బండి మీద బయల్దేరి హంటర్ రోడ్డు దాకా వచ్చి ఆగిపోయాను, ముందు రోడ్డే లేదు. పొద్దున పదింటికి ఇంకో దారిన చుట్టు తిరిగి వెళ్లేసరికి వాళ్ల వీధి చివర నడుములోతు. అక్క, పిల్లలు ఎదురింటి వాళ్ల డాబా మీద ఉన్నారు. అక్క వాళ్ల అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు, దారంతా ఆమె "నా మందుల డబ్బా" అంటూనే ఉంది. బావ మాత్రం ఇంట్లోనే, మంచం మీద స్టూలు వేసుకుని దాని మీద నిలబడి బీరువా పైఅరలో ఉన్న సర్టిఫికెట్ల కవర్ రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. ఫ్రిజ్ వెల్లకిలా తేలుతోంది. నన్ను చూసి ఆయన అన్న మొదటి మాట, "మామయ్య చెప్పిండు రా".

నీళ్లు దిగడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజుల్లోనే, 29న, భద్రకాళి చెరువు కట్టకు పోతన నగర్ వైపు గండి పడింది. ఊరంతా ఆ వార్త చుట్టూ తిరిగింది, మా లాంటి చిన్న చెరువుల వెనక కాలనీల వైపు చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. గోడ మీద నాలుగడుగుల ఎత్తున మట్టి చార పడింది. రెండుసార్లు రంగు వేయించినా వానాకాలం రాగానే అది మళ్లీ పైకి తేలుతుంది.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. ఎఫ్‌టీఎల్ అంటే ఎవరో అధికారి మ్యాపు మీద గీసిన గీత అని చాలామంది అనుకుంటారు. అది మత్తడి ఎత్తు, అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే అలుగు ఎత్తు. చెరువు నిండి మత్తడి అంచుకు నీళ్లు తాకినప్పుడు ఎంత మేర నీళ్లు పరుచుకుంటాయో అదంతా ఎఫ్‌టీఎల్ లోపలిదే. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఏ ఊళ్లో ముసలాయన్ను అడిగినా వేలు పెట్టి చూపిస్తాడు. అయితే మత్తడి దూకుతున్నప్పుడు నీళ్లు మత్తడి మీదుగా అడుగో రెండడుగులో మందంతో పోతాయి కదా, అంటే చెరువులో నీటిమట్టం ఎఫ్‌టీఎల్ కంటే అంత పైన ఉన్నట్టే. ఆ పైనున్న నీళ్లు ఎక్కడికి పోవాలి? మన దగ్గర శిఖం వైపు నేల దాదాపు చదునుగా ఉంటుంది. వంద అడుగుల దూరానికి ఒక అడుగు ఎత్తు ఉన్న నేల అనుకోండి, చెరువులో ఒక్క అడుగు నీళ్లు పెరిగితే వంద అడుగులు ముందుకు వస్తాయి. 30 మీటర్లంటే 98 అడుగులు. మీరు అడుగుతున్న బఫర్ జోన్ మొత్తం ఒక్క అడుగు నీళ్లకు సరిపోయే జాగా, అంతకన్నా ఎక్కువేం లేదు.

ఆ 30 మీటర్లు కూడా అన్ని చెరువులకూ లేవు. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువులకే 30 మీటర్లు. అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. పది మీటర్ల లోపు వెడల్పున్న నాలాకైతే 2 మీటర్లు. నా కోపమంతా ఈ చివరి రెండింటి మీదే. పెద్ద చెరువు అందరికీ కనిపిస్తుంది, దాని చుట్టూ నలుగురూ వాకింగ్ చేస్తారు, పేపర్లో వస్తుంది. కుంటను రెండు ఎండాకాలాల్లో పూడ్చేయొచ్చు. నాలా సంగతి ఇంకా అన్యాయం. అక్క వాళ్ల ఇల్లు మునగడానికి సగం కారణం చెరువుకు వెనక వైపు లేదు, ముందు వైపు ఉంది. మత్తడి దాటాక నీళ్లు పోయే వాగు ఒకప్పుడు ఎడ్లబండి దిగి ఎక్కేంత వెడల్పు ఉండేదట, ఇప్పుడు రెండు పక్కలా ప్రహరీ గోడలు లేచి మధ్యలో నాలుగడుగుల కాలువ మిగిలింది. నీళ్లు కిందికి పోలేక మత్తడి దగ్గరే నిలబడి వెనక్కి తన్నాయి. ఆ గోడలు కట్టినవాళ్లలో ఒక్కరు కూడా చెరువును ముట్టుకోలేదు, కాగితాల మీద వాళ్ల తప్పేమీ కనిపించదు. మునిగింది మాత్రం అర కిలోమీటరు వెనకున్న మా అక్క.

కాకతీయులు చెరువులను గొలుసుకట్టుగా కట్టారని బడిలో చదువుకుంటాం, గణపతిదేవుడి కాలంలో 1213లో పాకాల కట్టారని పోటీ పరీక్షల్లో రాస్తాం. గొలుసు అన్నప్పుడు చెరువుల్ని మాత్రమే లెక్కపెడుతున్నాం, వాటి మధ్యనున్న వాగులూ కాల్వలూ ఆ గొలుసులో భాగమని మర్చిపోతున్నాం. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడికలు తీశారు, కట్టలు బాగుచేశారు, ఊళ్లలో మంచి జరిగింది, నేను కాదనను. టౌన్లలో మాత్రం పూడిక కంటే ముందు హద్దు రాళ్లు పాతాల్సింది. ఇప్పుడేమో చెరువు నీళ్లలోకే మట్టి పోసి వాకింగ్ ట్రాక్, లైట్లు, సెల్ఫీ పాయింట్ పెట్టి సుందరీకరణ అంటున్నారు. చెరువును తగ్గించి చెరువుకు అందం తేవడమేంటో నాకు అర్థం కాదు, చూసినప్పుడల్లా కడుపు మండుతుంది.

కేంద్రం నిబంధనలు ఉన్నాయి కదా అని ఎవరో ఒకరు అంటారు. 2017 వెట్‌ల్యాండ్స్ నిబంధనల్లో పక్కా కట్టడాలకు గత పదేళ్ల సగటు వరదమట్టం నుంచి 50 మీటర్ల దూరం పెట్టారు, మంచిదే. కానీ అదే నిబంధనల్లో సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు కట్టిన జలాశయాలు చిత్తడి నేలల కిందికి రావని రాశారు. మన చెరువులు ఏ కాలంలో ఎందుకు కట్టినవి? సాగు కోసమే. ఎనిమిది వందల ఏళ్లుగా కొంగలు, నీటికోళ్లు, చేపలు, తామరలు బతుకుతున్న చెరువు కూడా మనిషి తవ్వాడన్న ఒక్క కారణంతో ఆ లెక్కలోంచి జారిపోతుంది. అందుకే మనకు మిగిలింది ఆ జీవోలోని 30, 9, 2 అంకెలే, వాటిని కూడా అన్యాయం అనుకుంటే ఇక చెరువుకు ఏమీ ఉండదు.

న్యాయం మాట కూడా చెప్తాను, దాటవేయను. శిఖంలో పట్టాలున్న రైతులు ఉన్నారు, నీళ్లు దిగినప్పుడు అక్కడ పంట వేసుకునేవాళ్లు, వాళ్ల హక్కు నిజమైనదే. పంటకు ఎవరూ అడ్డు చెప్పరు, కట్టడానికే అడ్డు. పట్టా అంటే భూమి నీది అని, ఆ భూమిలో ఏదైనా చేసుకోవచ్చని కాదు. వెంచర్ వేసేవాడికి కూడా ఆ జాగా పూర్తిగా పోదు, లేఅవుట్‌లో ఎలాగూ వదలాల్సిన ఖాళీ స్థలం కింద బఫర్‌ను చూపించుకునే వీలు అదే జీవోలో ఉంది. పార్కు చేసి వదిలేస్తే సరిపోయేది. వాళ్లు దాన్ని కూడా ప్లాట్లు చేసి మా బావ లాంటి జీతగాడికి అమ్మారు. అన్యాయం జరిగింది అక్కడ. మేం తర్వాత ఒక ఆఫీసుకు వెళ్లి హద్దులు కొలిచి రాళ్లు పాతమని అర్జీ ఇస్తే పక్క శాఖ వాళ్లను అడగమన్నారు, పక్క శాఖ వాళ్లు మళ్లీ ఇక్కడికే పంపారు. ఎఫ్‌టీఎల్‌ను ఇరిగేషన్, రెవెన్యూ రెండు శాఖలూ కలిసి ధ్రువీకరించాలి, అందువల్ల ఏ ఒక్కరూ కదలరు. మూడుసార్లు తిరిగి బావ మానేశాడు, ఆ అర్జీ నకలు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, నేను మానలేదు.

మీ ప్లాటు విషయానికొస్తే, అమ్మేవాళ్లు చూపించే స్కెచ్ పక్కన పెట్టండి. ఆ రెండు శాఖలూ సంతకం చేసిన ఎఫ్‌టీఎల్ మ్యాపు అడగండి, అందులో మీ సర్వే నంబరు ఎక్కడుందో చూడండి. తర్వాత ఆ చెరువు మత్తడి ఎక్కడుందో వెతికి అక్కడికి వెళ్లండి, దాని కింద వాగు ఎంత వెడల్పు మిగిలిందో చూడండి. చెరువులో చేపలు పట్టేవాళ్లను ఒక్కసారి కదిలించి, 2023లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి, వాళ్లు మీటర్లలో చెప్పరు, ఫలానా వేపచెట్టు దాకా, ఫలానా గుడి మెట్టు దాకా అని చెప్తారు, అది ఏ సర్వేకన్నా నమ్మకం. ప్లాటులో ఒకచోట నాలుగడుగులు తవ్వించి చూడండి, పైన మొరం కింద నల్ల ఒండ్రు వస్తే అక్కడినుంచే వెనక్కి తిరగండి.

ఇవన్నీ చేశాక కూడా మీకు కొనాలనిపిస్తే ఆగస్టు, సెప్టెంబర్ దాకా అడ్వాన్స్ ఇవ్వకండి. మత్తడి దూకిన రోజు వెళ్లి మీ ప్లాటు మధ్యలో నిలబడండి. అమ్మేవాళ్లు "ఇంకో పార్టీ రెడీగా ఉంది, ఈ వారమే చెప్పాలి" అని తొందరపెడతారు. మా బావకు కూడా ఏప్రిల్‌లోనే తొందర పెట్టారు.